వద్దన్న తరంగం ఎక్కడికి పోతుంది?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన సంఘం కార్యవర్గం వారు అడిగారు. పే రివిజన్ గురించి, కరువు భృతి బకాయిల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టాను. సబ్ ట్రెజరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో సాయంత్రం పూట రేడియో రిపేరు నేర్చుకున్నాను. రిటైరైన తర్వాత కూడా ఆ వ్యాపకం వదల్లేదు. దానివల్ల తెలిసిన ఒక చిన్న చరిత్రను పాఠక మిత్రుల ముందుంచుతున్నాను.

రేడియో ట్రాన్స్‌మిటర్ ఏదైనా సరే, తాను పంపవలసిన తరంగంతోపాటు పంపకూడని తరంగాలను కూడా కొంత పుట్టిస్తుంది. వాటిని బయటికి పోకుండా ఆపడానికి దాని తర్వాత ఒక చిన్న పెట్టె పెడతారు. దాని పేరు లో-పాస్ ఫిల్టరు. ఒక హద్దుకు లోపలి ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి, ఆ పైవాటిని ఆపేది అని అర్థం. మరి ఆపిన శక్తిని ఆ పెట్టె ఏం చేస్తుంది? మింగేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మింగదు, వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే, నూరేళ్ళకు పైబడిన ఈ కథలో ఎవరి బాధ్యత ఎంతవరకో తెలుస్తుంది.

నిప్పురవ్వల కాలం

1887, 1888 సంవత్సరాల్లో జర్మనీలో హెర్ట్జ్ విద్యుత్ రవ్వలతో రేడియో తరంగాలను పుట్టించి చూపాడు. ఆ రవ్వలనే వాడుకొని మార్కోనీ వైర్‌లెస్ తంతిని నడిపాడు. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చిన సంకేతాన్ని అందుకున్నాడు. రవ్వతో పని చేసే ట్రాన్స్‌మిటర్లకు ఒక పెద్ద లోపం ఉండేది. వాటి శక్తి ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర నిలవక చుట్టుపక్కలకు చెదిరిపోయేది. సంతలో ఒకడు పెద్దగొంతుతో అరుస్తుంటే పక్కవాళ్ళ మాట వినపడనట్లుగా, దగ్గరి స్టేషను మోగితే దూరపు స్టేషను వినపడేది కాదు.

దీని ఫలితం ఎంత దారుణంగా ఉండగలదో 1912 ఏప్రిల్ 14 రాత్రి లోకానికి తెలిసింది. టైటానిక్ ఓడ ఆపరేటరు ఫిలిప్స్, దూరాన ఉన్న కేప్ రేస్ స్టేషనుకు ప్రయాణికుల తంతులు పంపుతున్నాడు. దగ్గరలో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ ఆపరేటరు, తాము మంచుగడ్డల మధ్య ఆగిపోయామని చెప్పబోయాడు. ఆ దగ్గరి సంకేతం చెవులు పగిలేలా వినిపించింది. ఫిలిప్స్ విసుక్కొని, నోరు మూసుకోమన్నాడు. అవతలి ఆపరేటరు కొంతసేపటికి పరికరం ఆపేసి పడుకున్నాడు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండను ఢీకొట్టింది. సహాయం కోరే పిలుపు బయలుదేరినప్పుడు, అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఓడల్లో ఒకదానిలో వినేవాడు లేడు.

అదే సంవత్సరం ఆగస్టు 13న అమెరికాలో రేడియో చట్టం వచ్చింది. అందులో ‘శుద్ధ తరంగం’ అనే నిబంధన ఒకటి ఉంది. ఒక ట్రాన్స్‌మిటర్ ఒకటికంటే ఎక్కువ తరంగాలను వెలువరిస్తే, ముఖ్యమైన తరంగం శక్తిలో నూటికి పది వంతులకు మించి మరే తరంగంలోనూ ఉండకూడదని దాని సారాంశం. అనవసర తరంగాలకు చట్టం ఒక అంకె పెట్టిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. పదోవంతు అనే ఈ అంకెను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

టెలిఫోను తీగ నేర్పిన పాఠం

ఫిల్టరు పుట్టింది రేడియోలో కాదు, టెలిఫోను తీగలో. దూరం పెరిగేకొద్దీ తీగ మీద మాట సన్నగిల్లి, అస్పష్టమయ్యేది. తీగకు మధ్యమధ్య చుట్టలు, అంటే కాయిళ్ళు, చేరిస్తే మాట బాగా పోతుందని ఇంగ్లండులో హెవిసైడ్ సిద్ధాంతం వల్ల తేలింది. అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ కంపెనీలో జార్జి క్యాంప్‌బెల్ అనే ఇంజనీరు, కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్యూపిన్ అనే ఆచార్యుడు, ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో ఆ కాయిళ్ళను ఎంతెంత దూరానికి పెట్టాలో లెక్క కట్టారు. పేటెంటు ప్యూపిన్‌కు దక్కింది. కంపెనీ దాన్ని కొనుక్కుంది.

కాయిళ్ళు పెట్టిన తీగలో ఒక విచిత్రం కనిపించింది. ఒక హద్దు వరకు స్వరాలు హాయిగా పోతాయి, ఆ హద్దు దాటినవి అసలు పోవు. మాటకు కావలసింది ఆ హద్దులోపలే ఉంది కాబట్టి టెలిఫోనుకు ఇబ్బంది లేదు. ఇంకొకరైతే దీన్ని తీగకున్న లోపంగా వదిలేసేవారు. క్యాంప్‌బెల్ మాత్రం ఆ లోపాన్నే గుణంగా మార్చుకున్నాడు. మైళ్ళ పొడవు తీగ అవసరం లేకుండా, కాయిళ్ళను, కండెన్సర్లను నిచ్చెన మెట్ల మాదిరిగా అమర్చితే, కోరిన చోట హద్దు గీసే పెట్టె తయారవుతుందని గ్రహించాడు. 1915 జూలై 15న పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1917 మే 22న మంజూరయింది. అదే 1915లో జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ కూడా స్వతంత్రంగా ఇదే ఆలోచనకు వచ్చాడు. అప్పుడు యుద్ధకాలం. ఒకరి పని ఒకరికి తెలిసే వీలు తక్కువ.

తర్వాతివారు దీన్ని మెరుగుపరిచారు. ఒకే తీగ జత మీద అనేక సంభాషణలు నడిపే క్యారియర్ టెలిఫోను 1918లో బాల్టిమోరు, పిట్స్‌బర్గుల మధ్య మొదలయింది. ఒక సంభాషణను ఇంకొకదానితో కలవకుండా వేరు చేసినవి ఈ ఫిల్టర్లే. 1923లో ఆటో జోబెల్ అనే ఇంజనీరు, హద్దు దాటగానే గోడ కట్టినట్లు ఆపే ఫిల్టర్లకు లెక్కలు ప్రచురించాడు. 1930లో ఇంగ్లండులో బటర్‌వర్త్, హద్దులోపల ఎగుడుదిగుడులు లేకుండా సాఫీగా పోనిచ్చే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ పుస్తకాల్లో వీరి పేర్లతోనే ఆ ఫిల్టర్లను పిలుస్తారు.

పెట్టెలో ఏముంది?

ఇంత పేరున్న పెట్టె మూత తీస్తే కనిపించేది మూడు నాలుగు రాగి కాయిళ్ళు, మూడు నాలుగు కండెన్సర్లు, అంతే. కాయిలు గుణం ఏమంటే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువ అడ్డు పడుతుంది. కండెన్సరు గుణం దానికి సరిగ్గా ఎదురు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తేలిగ్గా దారి ఇస్తుంది. కాయిలును దారిలో పెడతారు, కండెన్సరును దారికీ ఎర్త్‌కూ మధ్య పెడతారు. తక్కువ ఫ్రీక్వెన్సీ వచ్చినప్పుడు కాయిలు దారి ఇస్తుంది, కండెన్సరు పట్టించుకోదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వచ్చినప్పుడు కాయిలు అడ్డుపడుతుంది, ఆ అడ్డు దాటి వచ్చినదాన్ని కండెన్సరు ఎర్త్ వైపు మళ్ళిస్తుంది. ఇలాంటి మెట్లు ఎన్ని ఉంటే పని అంత గట్టిగా జరుగుతుంది. బటర్‌వర్త్ లెక్క ప్రకారం హద్దుకు రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర, ఐదు భాగాలున్న ఫిల్టరు నుంచి సుమారు వెయ్యో వంతు శక్తి మాత్రమే అవతలికి పోతుంది. ఏడు భాగాలుంటే సుమారు పదహారు వేలవ వంతు.

పంపకూడని తరంగాలు అసలు ఎందుకు పుడతాయంటే, వీణ తీగ మీటినప్పుడు మూల స్వరంతోపాటు పై స్వరాలు కొన్ని సన్నగా పలుకుతాయి కదా, ట్రాన్స్‌మిటరులోనూ అంతే. అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే తరంగాలు వెంట వస్తాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. రవ్వల కాలం పోయి వాల్వుల కాలం వచ్చాక తరంగం శుద్ధమయింది గాని, హార్మోనిక్స్ పోలేదు. విద్యుత్తు ఎక్కువ ఖర్చు కాకుండా వాల్వును నడపాలంటే, ఉయ్యాలను ప్రతి ఊపుకూ ఒక్కసారి తోసినట్లు తోసి వదలాలి. ఆ తోపుల్లోనే హార్మోనిక్స్ ఉంటాయి.

అమెరికాలో ఇరుగుపొరుగు తగాదాలు

చాలా ఏళ్ళపాటు ఈ హార్మోనిక్స్ ఎవరినీ అంతగా బాధించలేదు. ఆ పైన ఉన్న ఫ్రీక్వెన్సీలలో వినేవారు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటింటికీ టెలివిజన్ వచ్చేసరికి పరిస్థితి తారుమారయింది. అక్కడి 2వ ఛానెలు 54 నుంచి 60 మెగాహెర్ట్జ్ వరకు, 3వ ఛానెలు 60 నుంచి 66 వరకు. సరదాకోసం, సేవకోసం స్వయంగా రేడియో స్టేషను నడిపే హామ్ రేడియో వారి ఫ్రీక్వెన్సీలు 14, 28 మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఉండేవి. లెక్క వేసి చూడండి. 14.2ను నాలుగుతో గుణిస్తే 56.8. 28.5ను రెండుతో గుణిస్తే 57. రెండూ సరిగ్గా 2వ ఛానెలు నట్టింట్లో పడ్డాయి. తర్వాత 21 మెగాహెర్ట్జ్ కూడా వారికి ఇచ్చారు. 21.2ను మూడుతో గుణిస్తే 63.6, అది 3వ ఛానెలు.

సాయంత్రం పూట కుటుంబమంతా టీవీ ముందు కూర్చుంటే తెరమీద చాపనేత లాంటి గీతలు వచ్చేవి. వీధిలో ఎవరింటి మీద పెద్ద ఏరియల్ ఉంటే వారే దోషి అని అందరూ తీర్మానించేవారు. తగాదాలు ముదిరాయి. ఇక్కడే లో-పాస్ ఫిల్టరు మళ్ళీ అవసరమయింది. హామ్ ఫ్రీక్వెన్సీలు 30 మెగాహెర్ట్జ్‌కు లోపల, టీవీ 54కు పైన. మధ్యలో 40 దగ్గర హద్దు గీస్తే ఇద్దరూ సుఖంగా ఉండవచ్చు. 40కీ 54కీ మధ్య దూరం తక్కువ కాబట్టి, గోడలా ఆపే జోబెల్ పద్ధతి ఇక్కడ పనికివచ్చింది. 1943లో ఇలాంటి ఫిల్టర్లు తయారు చేయడంతోనే డ్రేక్ అనే కంపెనీ ఒహాయోలో మొదలై, తర్వాత రేడియో పరికరాలకు పేరు పొందింది.

ఎంత మేలు జరుగుతుందో ఒక లెక్క చెబుతాను. 100 వాట్ల ట్రాన్స్‌మిటరులో ఒక హార్మోనిక్ పదివేలవ వంతు ఉందనుకోండి. అంటే వాటులో నూరోవంతు. వినడానికి చాలా తక్కువ. కానీ దూరపు స్టేషను నుంచి టీవీ ఏరియల్‌కు అందేది వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండకపోవచ్చు. పక్కింటి నుంచి వచ్చే ఆ నూరోవంతు వాటు దానిముందు కొండంత. ఫిల్టరు దాన్ని మరో పదివేలవ వంతుకు తగ్గిస్తే మిగిలేది వాటులో పదిలక్షలవ వంతు. గీతలు పోతాయి.

ట్రెజరీ అభ్యంతరం

అయితే ఫిల్టరు కొని తగిలించినా కొందరికి గీతలు పోలేదు. ఎందుకు? వ్యాసం మొదట వేసిన ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది.

ట్రెజరీకి వచ్చిన బిల్లు సరిగా లేకపోతే ఏం చేస్తామో మన మిత్రులకు తెలుసు. చింపి చెత్తబుట్టలో వేయం. అభ్యంతరం రాసి, పంపిన ఆఫీసుకే తిప్పి పంపుతాం. ఆ బిల్లు ఇక ఆ ఆఫీసు తలనొప్పి. ఫిల్టరు చేసేదీ అదే. శుద్ధమైన కాయిలు గాని, శుద్ధమైన కండెన్సరు గాని శక్తిని వేడిగా మార్చి ఖర్చు చేయవు, కాసేపు దాచుకొని తిరిగి ఇస్తాయి. కనుక హద్దు దాటిన తరంగం ఫిల్టరు ముఖద్వారం నుంచే వెనుదిరిగి ట్రాన్స్‌మిటరులోకి వస్తుంది. అక్కడ కొంత వేడిగా మారుతుంది. మిగిలింది సందు దొరికితే ఆ దారిన బయటపడుతుంది. రేకుపెట్టె మూత సరిగా బిగించకపోతే ఆ సందు నుంచి, కరెంటు తీగ మీదుగా, మైకు తీగ మీదుగా, కేబులు పైతొడుగు మీదుగా బయటికి వస్తుంది. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డిగుమ్మం తెరిచిపెట్టిన చందమన్నమాట.

అందుకే అనుభవజ్ఞులు ఒక క్రమం చెప్పారు. మొదట ట్రాన్స్‌మిటరును అన్నివైపులా లోహపు పెట్టెలో మూయాలి. బయటికి వచ్చే ప్రతి తీగకూ లోపలే చిన్న ఫిల్టరు పెట్టాలి. పెట్టెకు, ఫిల్టరుకు మధ్య అతుకు గట్టిగా ఉండాలి. ఇవన్నీ చేశాకే ఏరియల్ దారిలో లో-పాస్ ఫిల్టరు. ఈ క్రమం పాటించినవారికి ఫలితం దక్కింది.

తిప్పి పంపడం ఇష్టంలేని చోట ఇంకో ఉపాయం ఉంది. దారిని రెండుగా చీల్చి, కావలసిన తరంగాన్ని లో-పాస్ ద్వారా ఏరియల్‌కు, అక్కర్లేని తరంగాన్ని హై-పాస్ ద్వారా ఒక రెసిస్టరుకు పంపుతారు. రెసిస్టరు దాన్ని వేడిగా మార్చి ఖర్చు రాసేస్తుంది. వెనక్కి వచ్చే శక్తివల్ల పరికరమే చెడే ప్రమాదం ఉన్నచోట ఈ పద్ధతి మేలు. ఖర్చు, పని రెండూ ఎక్కువ కాబట్టి మామూలు స్టేషన్లలో తక్కువగా వాడతారు.

రెండో వైపు బాధ్యత

ఇక్కడొక న్యాయమైన మాట చెప్పాలి. తప్పంతా పంపేవాడిదే కాదు. కొన్ని టీవీలకు ట్రాన్స్‌మిటరు అసలు తరంగమే, అంటే అనుమతి ఉన్న తరంగమే, బలంగా తగిలి లోపలి వాల్వులను ఉక్కిరిబిక్కిరి చేసేది. అప్పుడు హార్మోనిక్స్ టీవీలోనే పుడతాయి. తుప్పుపట్టిన ఏరియల్ అతుకులు, రేకు గొట్టాల అతుకులు కూడా హార్మోనిక్స్ పుట్టించగలవు. ట్రాన్స్‌మిటరు దగ్గర ఎన్ని ఫిల్టర్లు పెట్టినా వీటికి మందు లేదు. టీవీ ఏరియల్ దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే హై-పాస్ ఫిల్టరు పెట్టాలి, అతుకులు బాగుచేయాలి.

అమెరికా నిబంధనలు ఈ తేడాను గుర్తించాయి. హామ్ స్టేషను వల్ల ప్రసారాలు వినేవారికి ఇబ్బంది కలిగితే, రాత్రి 8 గంటల నుంచి 10.30 వరకు, ఆదివారం అయితే ఉదయం 10.30 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు కూడా, ఆ ఫ్రీక్వెన్సీలలో స్టేషను నడపరాదన్నారు. అయితే ఇబ్బంది పడుతున్న రిసీవరు మంచి ఇంజనీరింగు ప్రమాణాలతో తయారైనదై ఉండాలని కూడా అందులోనే రాశారు. పంపేవాడు శుద్ధంగా పంపాలి, అందుకునేవాడు గట్టి పరికరంతో అందుకోవాలి. ఇద్దరికీ చెరో ఫిల్టరు.

ఇప్పుడు ఆ పదోవంతు దగ్గరకు వద్దాం. 2003 జనవరి 1 తర్వాత అమెరికాలో నెలకొల్పిన, 30 మెగాహెర్ట్జ్‌కు లోపల పనిచేసే హామ్ ట్రాన్స్‌మిటర్లలో అనవసర తరంగం అసలు తరంగంలో సుమారు ఇరవై వేలవ వంతుకు మించకూడదు. 1912లో పదోవంతు, 2003 నాటికి ఇరవై వేలవ వంతు. తొంభై ఏళ్ళలో క్రమశిక్షణ రెండువేల రెట్లు బిగిసింది. చట్టం ఒక్కటే ఈ పని చేయలేదు. చట్టం అడిగినదాన్ని చేసి చూపే పెట్టె ఉండబట్టే ఆ అంకె పెట్టగలిగారు.

మన ఇళ్ళల్లో

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. మనకు 3, 4 ఛానెళ్ళు 54 నుంచి 68 మెగాహెర్ట్జ్ వరకు. కాబట్టి పైన చెప్పిన గుణకారాలన్నీ మనకూ వర్తించేవే. దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. మేడమీద అల్యూమినియం ఏరియల్ తిప్పే పని మన మనవలకు తెలియదు.

కానీ అనవసర తరంగాల సమస్య ఆగలేదు, దిక్కు మార్చుకుంది. ఇప్పుడు వాటిని పుట్టించేది వీధి చివరి హామ్ కాదు, మన ఇంట్లోని ఎల్.ఇ.డి. బల్బు, సెల్‌ఫోను చార్జరు, కంప్యూటరు పవర్ సప్లై. ఇవన్నీ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ పనిచేస్తాయి. చవకరకం బల్బు వెలిగించగానే మీడియం వేవులో విజయవాడ కేంద్రం బరబరమంటే, కారణం రేడియో కాకపోవచ్చు. ఒకసారి బల్బు ఆర్పి చూడండి. మంచి పరికరాల్లో కరెంటు లోపలికి వచ్చే చోట లో-పాస్ ఫిల్టరు ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటును పోనిచ్చి, పై ఫ్రీక్వెన్సీలను వెనక్కి తిప్పుతుంది. కొన్ని తీగల చివర కనిపించే నల్లని ఉబ్బు ఫెరైటు. దానిది వేరే స్వభావం, అది పై ఫ్రీక్వెన్సీలను చాలావరకు వేడిగా మార్చేస్తుంది.

చివరగా ఒక ముఖ్యమైన మనవి. కంప్యూటరు పవర్ సప్లైలోని ఫిల్టరులో కొన్ని కండెన్సర్లు లోహపు పెట్టెకు, అక్కడి నుంచి ప్లగ్గులోని మూడో పిన్నుకు, అంటే ఎర్త్‌కు కలిపి ఉంటాయి. అనవసర శక్తి పోవలసిన దారి అదే. ఆ పిన్ను విరగ్గొట్టినా, రెండు పిన్నుల అడాప్టరు వాడినా, ఇంట్లో ఎర్త్ తీగ లేకపోయినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ పెట్టె మీద కరెంటు వోల్టేజిలో సుమారు సగం నిలుస్తుంది. చెయ్యి తగిలితే జిలజిలమంటుంది. ఫిల్టరు వల్ల వచ్చే కరెంటు చాలా స్వల్పమే. అయినా జిలజిలకు లోపల మరేదైనా లోపం కూడా కారణం కావచ్చు. చిన్నదేలే అని ఊరుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ పరీక్ష చేయించండి. మన వయసువారికి, ఇంట్లో తిరిగే పసిపిల్లలకు అది క్షేమం.

వద్దన్నది మాయమైపోదు. దానికి మనం ఒక దారి చూపాలి, లేకపోతే తన దారి తానే చూసుకుంటుంది. లో-పాస్ ఫిల్టరు నూరేళ్ళుగా చెబుతున్నది ఇదే.